పాత కారు ఇంజిన్‌కు చల్లగాలి అందించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మారుతి 800, జెన్, ఎస్టీమ్, ప్రీమియర్ పద్మిని, అంబాసిడర్ వంటి పాత పెట్రోలు కార్లను ఇప్పటికీ నడుపుతున్నవారు ఎండాకాలం వచ్చిందంటే దాదాపు ఒకే ఫిర్యాదు చేస్తారు. ఉదయం ఆరు గంటలకు చలాకీగా పరిగెత్తిన బండి మధ్యాహ్నం ఒంటిగంటకు ఎత్తు ఎక్కడానికి ఆయాసపడుతుంది. దానికి మందుగా, బయటి చల్లటి గాలిని ఇంజిన్‌కు అందిస్తామనే చల్లగాలి కిట్ల ప్రకటనలు కనిపిస్తాయి. ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో నిర్ణయించుకునే ముందు తెలుసుకోవలసిన సంగతులు ఇవి.

చల్లగాలి వల్ల ఇంజిన్‌కు మేలు ఎందుకు జరుగుతుంది?

ఇంజిన్ గాలిని పీల్చేది పరిమాణం లెక్కన, పెట్రోలు మండడానికి కావలసింది మాత్రం బరువు లెక్కన. సిలిండర్ ఎండాకాలమైనా చలికాలమైనా అంతే ఉంటుంది కాబట్టి ఒక్కో గుక్కలో పట్టే గాలి పరిమాణం మారదు, కానీ ఆ గాలి వేడిగా ఉంటే పలచబడి, అందులోని ఆక్సిజన్ తగ్గిపోతుంది. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. 45 డిగ్రీలకు అదే గాలి సుమారు 1.11 కిలోలకు, 65 డిగ్రీలకు సుమారు 1.04 కిలోలకు పడిపోతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో బయటి గాలి 45 డిగ్రీలుంటే దాన్ని మనం తగ్గించలేము. అయితే ఆ గాలి బానెట్ కిందికి చేరి 65 డిగ్రీలకు కాగిన తర్వాత ఇంజిన్‌లోకి పోతోందా, లేక బయట ఉన్న 45 దగ్గరే పోతోందా అన్నది మన చేతిలో ఉంది. ఈ రెంటి మధ్య తేడా ఆరు శాతం పైచిలుకు గాలి.

రెండో మేలు నాకింగ్‌కు సంబంధించినది. లోపలికి పోయే గాలి ఎంత వేడిగా ఉంటే, మంట పూర్తిగా పాకకముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే భగ్గుమనే అవకాశం అంత పెరుగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు గులకరాళ్లు డబ్బాలో వేసి ఊపినట్టు వచ్చే చప్పుడు అదే. దాన్ని ఆపడానికి మెకానిక్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పి టైమింగ్‌ను, అంటే స్పార్క్ పడే క్షణాన్ని, వెనక్కు జరుపుతాడు, చప్పుడు పోతుంది, దానితోపాటు పికప్ కూడా పోతుంది.

నా బండికి ఎంత శక్తి పెరుగుతుంది?

కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపే పాత పరికరం) ఉన్న మారుతి 800 ఇంజిన్ 796 సీసీ, దాని శక్తి కొత్తలో సుమారు 37 హార్స్‌పవర్. ఇరవై డిగ్రీల వేడి పూర్తిగా తగ్గించగలిగినా దక్కేది రెండు హార్స్‌పవర్లకు మించదు, అదీ యాక్సిలరేటర్ అడుగంటా తొక్కినప్పుడే. పది, పదిహేను శాతం పెరుగుతుందని రాసి ఉన్న పెట్టె కనిపిస్తే దాన్ని అక్కడే పెట్టి వచ్చేయడం మంచిది. ఇక్కడ మనం కొత్తగా సంపాదించేది ఏమీ లేదు, వేడి వల్ల పోగొట్టుకున్నదాన్ని కొంత వెనక్కు తెచ్చుకుంటున్నాము. అయినా చిన్న ఇంజిన్‌లో, నలుగురు కూర్చుని ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కుతున్నప్పుడు, ఆ రెండు హార్స్‌పవర్ల తేడా కాలికి తెలుస్తుంది.

కంపెనీవారు పెట్టిన ఏర్పాటులో లోపం ఉందా?

చాలా బండ్లలో లేదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూతికి ఒక గొట్టం తగిలించి, దాని రెండో కొసను గ్రిల్ దగ్గరికో, హెడ్‌లైటు పక్కకో, ఫెండర్ లోపలికో తీసుకుపోతారు. అసలు చిక్కు ఏమిటంటే ఇరవై, పాతికేళ్లుగా చేతులు మారిన బండిలో ఆ గొట్టం ఉండదు. రేడియేటర్ విప్పినప్పుడో, డెంటింగ్ పని జరిగినప్పుడో అడ్డుగా ఉందని తీసి పక్కన పెడతారు, తర్వాత ఎవరికీ గుర్తుండదు. అది లేకపోయినా బండి స్టార్టవుతుంది, నడుస్తుంది కాబట్టి ఎవరూ అడగరు కూడా.

మా ఇంట్లో పాతికేళ్లు దాటిన ఒక పెట్రోలు కారు ఉంది. ఒక వేసవిలో బానెట్ ఎత్తి చూస్తే ఆ గొట్టం ఉంది గాని, చివర పగిలి, విరిగిన క్లిప్పు స్థానంలో చుట్టిన బైండింగ్ వైరు వదులై, మూతి కిందికి జారి రేడియేటర్ ఫ్యాన్ వెనక్కు తిరిగి ఉంది. అంటే రేడియేటర్‌ను, ఏసీ కండెన్సర్‌ను దాటి కాగి వచ్చే గాలినే ఇంజిన్ ఏరికోరి తాగుతోంది. గొట్టంలోపల పీచు, ఎండు గడ్డి, రెండు వేరుశెనగ తొక్కలు దొరికాయి. ఎలుక కాపురం పెట్టి ఖాళీ చేసి వెళ్లింది. పాత సామాన్ల దుకాణంలో అదే మోడల్‌ది పగలని గొట్టం వెతికి, కొత్త క్లాంపులతో బిగించడంతో పని ముగిసింది. మీరు ఏదైనా కొనాలనుకునే ముందు అసలు గొట్టం, దాని క్లిప్పులు, ఫిల్టర్ డబ్బా మూత రబ్బరు అన్నీ ఉన్నాయో లేదో చూసుకోవాలని నేను మొదటగా చెప్పేది అందుకే. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత మోడళ్ల భాగాలు ఇప్పటికీ వెతికితే దొరుకుతాయి.

లోపలికి వేడిగాలి పోతోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

చేత్తో ముట్టుకుని చెప్పగలిగిన విషయం కాదు, కొలవాలి. చేపల తొట్టిలో వాడే రకం, పొడుగాటి తీగ చివర సెన్సర్ ఉండే డిజిటల్ థర్మామీటర్ చాలు. అయితే అది కనీసం 80 డిగ్రీల వరకు చూపగలదో లేదో చూసి కొనండి. సెన్సర్‌ను ఫిల్టర్ డబ్బాలో గాలి ఇంకా వడపోతకు వెళ్లని వైపు, డబ్బా గోడకు తగలకుండా వేలాడేటట్టు టేపుతో అంటించండి. వడపోత దాటిన వైపు పెట్టకండి, అక్కడ టేపు ఊడితే సరాసరి ఇంజిన్‌లోకి పోతుంది. తీగను మూత రబ్బరు కిందినుంచి బయటికి తీసి, బానెట్ సందులోంచి అద్దం దాకా తెచ్చుకోవచ్చు.

తర్వాత రెండు రకాల కొలతలు తీసుకోవాలి. ఒకటి ట్రాఫిక్‌లో పది నిమిషాలు నెమ్మదిగా నడిచాక, రెండోది హైవేపై స్థిరంగా 70, 80 కిలోమీటర్ల వేగంతో పది నిమిషాలు పోయాక. రెండింటినీ అప్పటి బయటి ఉష్ణోగ్రతతో పోల్చాలి. మా బండిలో బయట 41 డిగ్రీలు ఉన్న రోజున గొట్టం జారిన స్థితిలో ట్రాఫిక్‌లో 68, హైవేలో 53 చూపించింది. గొట్టం సరిచేశాక అదే దారిలో, అంతే ఎండలో 57, 45 చూపించింది. హైవే మీద బయటి గాలికన్నా అయిదారు డిగ్రీలే ఎక్కువ ఉంటే మీ బండిలో చేయవలసిన పని ఇక పెద్దగా లేదు, ఆ డబ్బును టైర్ల మీద పెట్టండి. ట్రాఫిక్‌లో వచ్చే అంకెను చూసి మరీ బెంగపడనక్కరలేదు, నిలిచి ఉన్న బండిలో వేడి ఎలాగూ పేరుకుంటుంది, అప్పుడు మనం ఇంజిన్‌ను పూర్తి శక్తి అడగడమూ లేదు.

కార్బురేటర్ బండిలో ఎగ్జాస్ట్ దగ్గరి నుంచి ఫిల్టర్ డబ్బాకు మరో గొట్టం వస్తోంది. అది దేనికి?

అది చలిదేశాల అవసరానికి పుట్టిన ఏర్పాటు. కార్బురేటర్ గొంతులో పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. గాలి అసలే చల్లగా, తేమగా ఉంటే అక్కడ మంచు పేరుకుని ఇంజిన్ ఆగిపోతుంది. దాన్ని తప్పించడానికి ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి వచ్చే మొదటి గొట్టాలు) పైనుంచి వేడిగాలిని తెచ్చి కలిపే మార్గం, ఆ రెండు మార్గాల మధ్య ఒక రేకు తలుపు పెడతారు. కొన్ని బండ్లలో ఆ తలుపును చేత్తో వేసవి, చలికాలం స్థానాలకు మార్చుకోవాలి, మరికొన్నింట్లో మైనపు థర్మోస్టాట్ గాని, వాక్యూమ్ గాని దాన్ని కదిలిస్తాయి.

పాత బండ్లలో ఈ తలుపు తుప్పుపట్టి వేడిగాలి వైపే బిగుసుకుపోవడం నేను చాలాసార్లు చూశాను. అలాంటి బండి నడి వేసవిలో కూడా సైలెన్సర్ మొదట్లో కాగిన గాలినే పీలుస్తుంది. కాబట్టి కార్బురేటర్ కారు ఉన్నవారు కిట్ల గురించి ఆలోచించే ముందు ఫిల్టర్ మూతి లోపల టార్చ్ వేసి ఆ తలుపు ఎటు ఉందో చూడాలి. కదలకపోతే శుభ్రం చేసి, నూనె చుక్క వేసి చల్లగాలి వైపు తిప్పాలి. లంబసింగిలోనో అరకులోనో ఉంటూ డిసెంబరు తెల్లవారుజామున బండి తీసేవారికి అది పనికొస్తుంది కాబట్టి పూర్తిగా పీకి పారేయవద్దు. మైదాన ప్రాంతాలవారికి ఏడాది పొడవునా చల్లగాలి వైపు ఉన్నా నష్టం లేదు.

డబ్బా తీసేసి శంఖు ఆకారపు ఓపెన్ ఫిల్టర్ వేస్తే సరిపోదా?

అందరూ ఎక్కువగా మోసపోయే చోటు ఇదే. చల్లగాలి కిట్ పేరుతో అమ్ముడయ్యే వాటిలో చాలావరకు ఒక మెరిసే పైపు, దాని చివర ఒక శంఖు ఫిల్టర్ మాత్రమే ఉంటాయి. డబ్బా తీసేసి ఆ ఫిల్టర్‌ను బానెట్ కింద బిగించగానే, ఇంజిన్ ఇంతకాలం గ్రిల్ దగ్గర తీసుకున్న గాలిని వదిలి ఇంజిన్ చుట్టూ కాగుతున్న గాలిని పీల్చడం మొదలుపెడుతుంది. దాన్ని వేడిగాలి కిట్ అనడమే న్యాయం.

మరి వేసుకున్నవారందరూ బండి బాగా లాగుతోందని ఎందుకు చెబుతారు? డబ్బా ఇన్నాళ్లూ అణిచిపెట్టిన పీల్పు శబ్దం ఇప్పుడు బయటికి వినిపిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కగానే ముందునుంచి గుర్రుమంటే బండి దూకినట్టే అనిపిస్తుంది. గడియారం పట్టుకుని ఒకే రోడ్డులో, ఒకే గేరులో 40 నుంచి 80కి చేరే సమయం నాలుగైదుసార్లు రెండు వైపులా కొలిస్తే అసలు సంగతి తెలుస్తుంది. మరో కారణం కూడా ఉంది: చాలామంది తీసేసిన పాత కాగితపు ఫిల్టర్ అప్పటికే దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది. అదే డబ్బాలో కొత్త కాగితపు ఫిల్టర్ వేసినా అంతే తేడా కనిపించేది.

దుమ్ము విషయం ఇంకా ముఖ్యం. నూనె పూసిన పలచటి గుడ్డ ఫిల్టర్లు గాలిని సులువుగా వదులుతాయంటే సన్నటి దుమ్మును కూడా ఎక్కువే వదులుతాయని అర్థం. మిర్చి యార్డుల పరిసరాల్లో, పల్నాడు సున్నపురాయి క్వారీల రోడ్లలో తిరిగే బండికి ఆ సన్నటి దుమ్మే పిస్టన్ రింగులను అరగదీసి, ఆయిల్ తాగే రోగాన్ని తెచ్చిపెడుతుంది. గాలి బరువును వేడి తీగతో కొలిచే సెన్సర్ ఉన్న బండ్లలో ఆ ఫిల్టర్ నూనె తీగకు అంటుకుని కొలత చెడగొడుతుంది. పైగా ఇంజిన్‌లోని పొగను ఫిల్టర్ డబ్బాలోకి తెచ్చే బ్రీదర్ గొట్టానికి ఈ కిట్లలో చోటుండదు, దాన్ని నేలకు వదిలేస్తారు. అది తప్పు. ఆ గొట్టం ఫిల్టర్ దాటిన చోట తప్పక కలవాలి.

వేసి తీరాలని మనసుపడినవారు కనీసం ఫిల్టర్ చుట్టూ మూడు వైపులా, పైన బానెట్‌ను తాకేటట్టు రబ్బరు అంచుతో రేకు గోడ కట్టించుకుని, ఆ గదిలోకి బయటినుంచి గొట్టం తెచ్చుకోవాలి. అంత చేశాక మీరు తయారు చేసింది కంపెనీవారి డబ్బాలాంటి డబ్బానే.

గొట్టం ఎంత లావు ఉండాలి? ఏ పదార్థంతో ఉండాలి?

లెక్క సులభమే. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన పరిమాణమంత గాలి పీలుస్తుంది. 796 సీసీ ఇంజిన్ 6000 ఆర్‌పీఎం వద్ద, సిలిండర్లు 85 శాతం నిండుతాయనుకుంటే, సెకనుకు సుమారు 34 లీటర్లు తీసుకుంటుంది. లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లున్న గొట్టంలో ఆ గాలి సెకనుకు 17 మీటర్ల వేగంతో పోతుంది, అది ఏమాత్రం ఇబ్బంది లేని వేగం. ఎస్టీమ్‌లోని 1298 సీసీ ఇంజిన్‌కు సెకనుకు 55 లీటర్లు కావాలి కాబట్టి 60 మిల్లీమీటర్ల గొట్టం నప్పుతుంది. అంతకన్నా లావు పెడితే లాభం లేదు, బానెట్ కింద చోటు తినడం తప్ప.

పదార్థం విషయంలో మెరుపు చూడవద్దు. అల్యూమినియం, స్టీలు పైపులు పక్కనున్న వేడిని ఇట్టే పట్టుకుంటాయి, ప్లాస్టిక్కు, రబ్బరు అంత త్వరగా పట్టుకోవు. పూర్తి వేగంలో గాలి అరమీటరు గొట్టాన్ని సెకనులో వందో వంతుల్లో దాటిపోతుంది కాబట్టి గొట్టం వేడి దానికి పెద్దగా అంటదు, నెమ్మదిగా పీల్చే ట్రాఫిక్‌లోనే తేడా కనబడుతుంది. గొట్టానికి వేడి నిరోధించే పట్టీ చుట్టడం కన్నా ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ మీద ఊడిపోయిన రేకు కవచాన్ని మళ్లీ బిగించడం ఎక్కువ ఫలితమిస్తుంది. లోపల తీగచుట్ట ఉన్న మెత్తటి గొట్టం వాడితే అది ఫిల్టర్‌కు ముందు భాగంలో మాత్రమే ఉండాలి, చీలితే దుమ్ము లోపలికి పోకుండా.

గాలి ఎక్కడినుంచి తీసుకోవాలి?

రేడియేటర్‌కు, కండెన్సర్‌కు ముందో పక్కనో ఉన్న చోటునుంచి తీసుకోవాలి, వెనుకనుంచి ఎన్నడూ వద్దు. హెడ్‌లైటు వెనుక సందు, ఫెండర్ లోపలి భాగం మంచివి. బంపర్ కింద చల్లగా ఉన్నమాట నిజమే గాని అక్కడ రోడ్డు దుమ్ము, వాననీళ్లు కాచుకుని ఉంటాయి. వేడి బయటికి పోతుందని బానెట్ వెనుక కీళ్ల దగ్గర వాషర్లు వేసి ఎత్తిపెట్టే అలవాటు కొందరికి ఉంది. దానితో వాననీళ్లు డిస్ట్రిబ్యూటర్ మీద పడడమే కాక, అద్దం కింద గాలి ఒత్తిడి ఎక్కువ ఉండే చోటు కాబట్టి ఒక్కోసారి గాలి బయటికి పోవడానికి బదులు లోపలికి వస్తుంది.

గొట్టం మూతి ఎదురుగాలికి పెడితే వేగానికి గాలి తోసుకు వస్తుందా?

గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి కలిగించే ఒత్తిడి వాతావరణ పీడనంలో అర శాతం కూడా ఉండదు. రేసు కార్ల వేగాల్లో అది లెక్కకు వస్తుంది, మన రోడ్లమీద రాదు.

మైలేజీ పెరుగుతుందా?

పెరగదు. ఒకే వేగంతో పోతున్నప్పుడు ఇంజిన్‌కు కావలసిన శక్తి అంతే కాబట్టి, గాలి చిక్కగా వస్తే మీ కాలు యాక్సిలరేటర్‌ను ఆ మేరకు తక్కువ తొక్కుతుంది, అంతే. మూసుకుపోయిన ఫిల్టర్ సంగతి కూడా చాలామంది అనుకున్నట్టు లేదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో వెలువరించిన పరీక్షల్లో, కార్బురేటర్ లేకుండా పెట్రోలును చిమ్మే ఇంజెక్షన్ బండ్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీ చెప్పుకోదగినంత తగ్గలేదు, పికప్ మాత్రం తగ్గింది. కార్బురేటర్ బండ్ల విషయం వేరు, అక్కడ ఫిల్టర్ మూసుకుపోతే మిశ్రమం చిక్కబడి పెట్రోలు ఎక్కువే కాలుతుంది. కాగితపు ఫిల్టర్‌ను ఎదురుగా లైటు పెట్టి చూడండి, వెలుగు కనిపించకపోతే మార్చండి. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో బలంగా గాలి కొట్టిస్తే కాగితం కంటికి కనిపించనంత సన్నగా చిరుగుతుంది.

చల్లగాలి ఇచ్చాక కార్బురేటర్ జెట్ (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం) గాని, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) గాని మార్చాలా?

మారుతి 800, ఎస్టీమ్ ఎంపీఎఫ్ఐ (పెట్రోలు ఇంజెక్షన్) బండ్లలో, గాలి లోపలికి పోయే మ్యానిఫోల్డ్‌లోని ఒత్తిడిని, గాలి ఉష్ణోగ్రతను సెన్సర్లు చూస్తూ ఉంటాయి కాబట్టి పెరిగిన గాలికి తగ్గ పెట్రోలును ఈసీయూయే ఇస్తుంది, ఏమీ ముట్టుకోనక్కరలేదు. కార్బురేటర్‌కు ఆ తెలివి సగమే ఉంది. గాలి సాంద్రత ఆరు శాతం పెరిగితే జెట్‌లోంచి వచ్చే పెట్రోలు సుమారు మూడు శాతమే పెరుగుతుంది, మిశ్రమం కొంచెం పలచబడుతుంది. సరిగ్గా ట్యూనింగ్ అయిన బండికి అది సమస్య కాదు. అప్పటికే పలచగా నడుస్తున్న బండికి, అందులోనూ ఇప్పుడు బంకుల్లో దొరికే ఇథనాల్ కలిసిన పెట్రోలు మిశ్రమాన్ని ఇంకొంత పలచన చేస్తుంది కాబట్టి, ఒకసారి చూసుకోవడం అవసరం. హైవేపై పూర్తి లోడుతో కొంతదూరం నడిపి, ఇంజిన్ ఆపి, చల్లారాక స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి. మొన లేత గోధుమ రంగులో ఉంటే మంచిది, సున్నంలా తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, మసి పట్టి నల్లగా ఉంటే ఎక్కువవుతోంది.

గొట్టం మధ్యలో ఎటూ దారిలేని ఒక ఖాళీ డబ్బా ఉంది. తీసేయవచ్చా?

అది పీల్పు శబ్దాన్ని తగ్గించడానికి పెట్టినది. తీసేస్తే శబ్దం పెరుగుతుంది, శక్తి పెరగదు. ఉండనివ్వండి.

ఎండలో కాసేపు ఆపి మళ్లీ తీస్తే స్టార్ట్ కావడం లేదు. చల్లగాలి ఏర్పాటుతో తగ్గుతుందా?

తగ్గదు, ఎందుకంటే అది పెట్రోలు ఆవిరయ్యే సమస్య. ఇంజిన్ ఆపగానే ఫ్యాన్ గాలి, నీటి ప్రవాహం ఆగి, వేడి కార్బురేటర్‌లోకి ఎక్కి గిన్నెలోని పెట్రోలు మరుగుతుంది. కార్బురేటర్‌కు, గాలి లోపలికి పోయే మ్యానిఫోల్డ్‌కు మధ్య ఉండవలసిన మందపాటి బేకలైట్ పలక పగిలిందేమో, దాని స్థానంలో ఎవరైనా వట్టి కాగితపు ప్యాకింగ్ పెట్టారేమో, పెట్రోలు పైపు ఎగ్జాస్ట్‌కు తగులుతోందేమో చూడాలి.

టర్బో ఉన్న పాత డీజిల్ బండి మాటేమిటి?

టర్బో గాలిని నొక్కేటప్పుడే అది 100 డిగ్రీలు దాటి కాగుతుంది, తర్వాత దాన్ని చల్లార్చేది ఇంటర్‌కూలర్. కాబట్టి ఫిల్టర్ వైపు కన్నా ఇంటర్‌కూలర్ రెక్కల్లోని మట్టిని కడిగించడం, దాని గొట్టాలకు చీలికలు లేకుండా చూడడం ఎక్కువ మేలు.

చట్టం ఒప్పుకుంటుందా?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. అసలు గొట్టాన్ని, ఫిల్టర్‌ను తిరిగి బిగించడం మార్పు కిందికి రాదు. డబ్బా తీసి ఓపెన్ ఫిల్టర్ వేసి, బ్రీదర్ గొట్టం వదిలేసిన బండితో 15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్ పొడిగింపు తనిఖీకి వెళితే ప్రశ్నలు ఎదురుకావచ్చు. అసలు డబ్బాను అటకమీద దాచుకోవడం తెలివైన పని.

వానాకాలంలో ఏ జాగ్రత్త తీసుకోవాలి?

గాలి మూతి ఎంత కిందికి ఉంటే నీళ్లు పీల్చే ప్రమాదం అంత దగ్గర. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో వీధులకు వీధులే నీటిలో మునిగాయి. గాలిని నొక్కినట్టు నీటిని నొక్కడం పిస్టన్ వల్ల కాదు, కాబట్టి ఒక గ్లాసు నీరు సిలిండర్‌లో చేరినా, పిస్టన్‌ను నడిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మూతి హెడ్‌లైటు ఎత్తుకు తగ్గకుండా, రంధ్రం కిందివైపో వెనక్కో తిరిగి ఉండేటట్టు బిగించండి. ఫిల్టర్ డబ్బా అడుగున నీళ్లు కారే చిన్న బెజ్జం ఉంటే అది మూసుకుపోకుండా చూడండి.

నీటిలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి, ఎవరు చెప్పినా తాళం తిప్పకండి. గట్టుకు తోయించి, ఫిల్టర్ డబ్బా మూత తీసి కాగితాన్ని తడమండి. అది తడిసి ఉంటే స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పించి, ఇగ్నిషన్ కాయిల్ తీగ పక్కకు తీసిపెట్టి, ఇంజిన్‌ను చేత్తో తిప్పించి, ప్లగ్ రంధ్రాల్లోంచి నీరు రావడం పూర్తిగా ఆగిన తర్వాతే సెల్ఫ్ కొట్టాలి.